ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ల బృందం) మీటింగ్‌కి మొదటిసారి వెళ్లాలి. ఎక్కడ, ఎలా? తెలిసినవాళ్లు చెప్పండి

కృష్ణలంక_కుర్రోడు
అందరికీ నమస్కారం. తాగుడు మాన్పించే డీటాక్స్ ఆసుపత్రిలో అయ్యి ఈమధ్యే ఇంటికొచ్చాను. డిశ్చార్జి చీటీలో మందులన్నీ రాసి, అడుగున "ఏఏ మీటింగులకు వెళ్లాలి" అని ఒక్క ముక్క రాశారు డాక్టరు గారు. ఎక్కడికి వెళ్లాలో ఆయన చెప్పలేదు, నాకూ ఆ రోజు అడిగే ఓపిక లేదు. నెట్‌లో వెతికితే సగం అమెరికా కబుర్లు, మిగతా సగం "మందు మాన్పిస్తాం" అనే ప్రకటనలు.

నేనుండేది విజయవాడ. చిన్న షాపు ఉంది. నా అనుమానాలివి. డబ్బు కట్టాలా? ఆధార్ అడుగుతారా? వెళ్తే మాట్లాడి తీరాలా? చర్చిల్లో పెడతారట కదా, మతం గొడవ ఏమైనా ఉంటుందా అని మా అమ్మ అడుగుతోంది. అన్నిటికంటే పెద్దది, వన్‌టౌన్‌లో సగం మందికి నేను తెలుసు. లోపలికి వెళ్తుంటే ఎవరైనా చూస్తే?

బోయిన్‌పల్లి_బాబాయ్
తమ్ముడూ, రాశావు చూడు, అది మంచి పని.

ముందు వెతకడం సంగతి. ఆల్కహాలిక్స్ అనానిమస్‌కి ఇండియాలో సొంత సేవా కార్యాలయం ఉంది. వాళ్ల వెబ్‌సైట్‌లో ఊరి వారీగా మీటింగులు, హెల్ప్‌లైన్ నంబర్లు ఉంటాయి. ప్రకటనలు దాటుకుని అక్కడికే వెళ్లు. కానీ జాబితాలో ఉన్న టైము చూసి నేరుగా బండెక్కకు. గదులు మారతాయి, పరీక్షలప్పుడు స్కూళ్లు ఇవ్వరు, పండక్కి టైము జరుపుతారు. ముందు ఫోన్ చెయ్. ఎత్తేది డాక్టరో, కాల్ సెంటర్ అమ్మాయో కాదు, నీలాగే తాగి మానేసిన మనిషి. "కొత్తగా వస్తున్నాను" అను చాలు, ఎవరో ఒకరు గేటు దగ్గర నిలబడతారు.

డబ్బు కట్టక్కర్లేదు. చివర్లో ఒక బుట్టో డబ్బానో తిప్పుతారు, గది అద్దెకీ టీకీ. కొత్తవాళ్లు వేయకపోయినా ఎవరూ అనుకోరు. బయటివాళ్ల విరాళాలు తీసుకోకూడదని ఏఏ నియమం, సర్కారు డబ్బైనా సరే. ఆధార్ లేదు, రిజిస్టర్ లేదు. పేరు కూడా నువ్వు ఏది చెబితే అదే. సభ్యుడు కావడానికి ఉన్న షరతు ఒక్కటే, తాగుడు మానాలన్న కోరిక. మానేసి రావాలని కూడా లేదు, గమనించు.

మాట్లాడాలా అంటావా. నీ వంతు వచ్చినప్పుడు "ఈ రోజు వింటాను" అంటే పక్కవాళ్లకి వెళ్లిపోతుంది. మొదట్లో నేను చాలాకాలం అదే పని చేశాను.

చర్చి సంగతి: సాయంత్రం పూట ఖాళీగా ఉండి తక్కువ అద్దెకి గది ఇచ్చేది చర్చి హాళ్లు, స్కూళ్లే. గది వాళ్లది, మీటింగ్ మనది. మా గ్రూపులో బొట్టు పెట్టుకున్నవాళ్లు, నమాజు చేసి వచ్చేవాళ్లు, ఏ దేవుడూ వద్దనేవాళ్లు పక్కపక్కనే కూర్చుంటారు. అమ్మకి చెప్పు.

ఎవరైనా చూస్తారేమో అన్నావు. లోపల కూర్చున్నవాడు నిన్ను చూస్తే వాడూ అదే పని మీద వచ్చినవాడే కదా! బయటివాళ్లు చూస్తే చూడనీ. వైన్స్ ముందు నిలబడ్డప్పుడు మనల్ని చూడనిదెవరు?

డ్యూటీలో_డాక్టరు
సైకియాట్రీలో పనిచేస్తున్నాను. అడిగినవారు డీటాక్స్ చేయించుకుని వచ్చారు కాబట్టి ఇబ్బంది లేదు. ఇది చదివి "మీటింగ్‌కి వెళ్లాలి, ఇవాళే ఆపేస్తా" అనుకునేవాళ్ల కోసం ఈ మాట.

ఏళ్ల తరబడి రోజూ గట్టిగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపకండి. ఆపిన కొన్ని గంటల్లోనే చేతులు వణకడం, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో కొందరికి మతి తప్పి లేనివి కనబడతాయి, జ్వరం, గుండెదడ వస్తాయి. దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటాం, వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టించి, మూడో రోజు మా దగ్గరికి తెస్తారు. హాస్పిటల్లో అయితే వణుకు తగ్గే మందులు, థయమిన్ అనే బి1 విటమిన్ ఇస్తే చాలామంది వారంలో తేరుకుంటారు. విశాఖలో చినవాల్తేరు మానసిక ఆసుపత్రి, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఉన్నాయి. ఎటు వెళ్లాలో తెలియకపోతే 14446కి ఫోన్ చేయండి, డీఅడిక్షన్ కోసం కేంద్రం పెట్టిన ఉచిత నంబరు. మనసు బాగోకపోతే టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడొచ్చు.

మీటింగ్ వైద్యానికి బదులు కాదు. వైద్యం అయ్యాక సాయంత్రాలు మిగులుతాయి చూడండి, అక్కడ పనికొస్తుంది.

నమ్మకంలేనోడు
నేను రెండు మూడు చోట్ల చూశాను. "మన శక్తి చాలదు, పైవాడికి అప్పగించండి" అంటారు. ఇది భజన మండలి కాదా? తాగుడు మెదడు జబ్బు అంటూనే ప్రార్థన చేయమంటారు. పనిచేస్తుందని రుజువేది?

బోయిన్‌పల్లి_బాబాయ్
రాకుండా అన్నవాళ్లున్నారు, మీరు చూసి అడుగుతున్నారు, సంతోషం. ఏఏలో మానడానికి పాటించే పన్నెండు మెట్లలో రాసింది "మాకు అర్థమైనట్టుగా దేవుడు" అని. మా దగ్గర ఒక పాత కామ్రేడ్ ఉన్నాడు, ఆయనకి పైవాడంటే ఆ గదిలో కూర్చున్న పదిమందే. చివర్లో ప్రార్థన చదివేటప్పుడు గోడకేసి చూస్తూ నిలబడతాడు, తర్వాత కుర్చీలు సర్దేదీ ఆయనే. ఏళ్లుగా చుక్క ముట్టలేదు.

డ్యూటీలో_డాక్టరు
రుజువు అడగడం న్యాయమే. వైద్య పరిశోధనలన్నీ కలిపి తూచే కాక్రేన్ సంస్థ సమీక్ష 2020లో వచ్చింది. 27 అధ్యయనాలు, పదివేల మందికి పైగా. పద్ధతి ప్రకారం ఏఏ వైపు నడిపించే చికిత్స తీసుకున్నవాళ్లలో పూర్తిగా మానేసి ఉండేవాళ్ల సంఖ్య, సీబీటీ (ఆలోచనల, అలవాట్ల తీరు మార్చే కౌన్సెలింగ్) లాంటి చికిత్సలు తీసుకున్నవాళ్లకంటే ఎక్కువ కనిపించింది. మిగతా కొలతల్లో దాదాపు సమానం. అంటే మంత్రమూ కాదు, వట్టి భజనా కాదు.

దేవుడి ఊసే వద్దనుకుంటే స్మార్ట్ రికవరీ అని ఉంది, 1994 నుంచి నడుస్తోంది. సీబీటీ పద్ధతుల మీద కట్టింది. మన ఊళ్లలో గది దొరకడం కష్టం కానీ ఆన్‌లైన్ మీటింగులున్నాయి, ఎక్కువగా ఇంగ్లీషులోనే.

గోదారిగట్టు
మాది రావులపాలెం దగ్గరండి. నమ్మకంలేనోడు గారికి ఒక మాట. మా ఊళ్లో తాగుబోతులందరూ ఏటా ఒకసారి మానేస్తారు. అయ్యప్ప మాల! నలభై ఒక్క రోజులు ఒక్క చుక్క ముట్టరు. చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, ఒంటిపూట భోజనం. ఎంత నిష్ఠో చెప్పలేనండి. మాల తీసిన రాత్రే కొందరు సొసైటీ గోడ పక్కన పడుంటారు.

నేనూ ఆ బాపతే. అయితే ఈ మీటింగులకి వెళ్లాక తెలిసిందేంటంటే, మాలలో ఉన్నన్నాళ్లు మనల్ని ఆపింది భయభక్తులొక్కటే కాదండి. సరిగ్గా మందు టైముకి పడిపూజ ఉంటుంది. పక్కన పదిమంది స్వాములు ఉంటారు. "స్వామీ" అని పిలిచేవాడి ముందు తూలుతూ నిలబడలేం కదా. గురుస్వామి ఉంటాడు, తేడా వస్తే ఆయనకి చెప్పుకుంటాం. మీటింగులో ఇవన్నీ ఉన్నాయండి. సాయంత్రం పూటే పెడతారు, స్పాన్సర్ అని ఒక పాతకాపు ఉంటాడు. తీసేయడానికి మాల ఒక్కటే లేదు.

రావులపాలెం నుంచి రాజమండ్రి వెళ్లి వస్తుంటాను. బస్సు ఖర్చుకి మా ఆవిడ గొణిగేది, ఇప్పుడు తనే చిల్లర తీసి పెడుతోంది.

నీలాంబరి
విశాఖ నుంచి. నేను తాగను, మావారు తాగుతారు. ఈయన కోసం మీటింగులు వెతికి, టైములు రాసి, ఫ్రిజ్ మీద అంటించి, ఆటో మాట్లాడి, చివరికి ఆయన తలనొప్పి అని పడుకుంటే నేను ఏడుస్తూ కూర్చునేదాన్ని. హెల్ప్‌లైన్‌లో ఒకావిడ "అమ్మా, మీరే రండి మరి" అంది. అలా ఆల్-అనాన్ గురించి తెలిసింది. తాగేవాళ్ల ఇంట్లోవాళ్ల కోసం. ఏఏ మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకాయన బిల్, ఆయన భార్య లోయిస్ 1951లో ఇంకో స్నేహితురాలితో కలిసి దీన్ని నిలబెట్టింది. భర్తలు లోపల మీటింగులో ఉంటే బయట వంటింట్లో కాఫీ కలుపుతూ కూర్చున్న భార్యలు మాట్లాడుకోవడంతో మొదలైందట. ఆ వంటింటి మాట వినగానే ఇది నాకోసమే అనిపించింది.

అక్కడ మూడు మాటలు పదేపదే చెబుతారు. ఈ జబ్బు నేను తెప్పించింది కాదు, నా అదుపులో ఉండదు, నేను నయం చేయలేను. మా అత్తగారు మొదటిదాన్ని ఇంకా ఒప్పుకోవట్లేదు లెండి.

ఒక ప్రశ్న డాక్టరు గారికి. మా పక్కింటావిడ ఏవో బిళ్లలు తెచ్చి, సాంబారులో కలిపెయ్ వదినా, తాగితే వాంతులవుతాయి, తనే మానేస్తాడు అంది. చేయొచ్చా?

డ్యూటీలో_డాక్టరు
వద్దమ్మా. అది డైసల్ఫిరామ్ అయ్యుంటుంది. అది వేసుకుని తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. గుండె జబ్బున్నవాళ్లు చనిపోవచ్చు. ఆపేశాక కూడా రెండు వారాల దాకా ప్రభావం ఉంటుంది, ఆల్కహాల్ కలిసిన దగ్గు మందు తాగినా తిప్పలే. తెలిసి, ఒప్పుకుని, డాక్టరు పరీక్ష చేశాక వేసుకునే మందు అది. దొంగతనంగా కలపడం ప్రమాదం, నేరం కూడా కావచ్చు. తాగాలన్న యావ తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులు ఉన్నాయి, ఆయన వస్తే మాట్లాడదాం. నాటు మందు పొట్లాలదీ ఇదే కథ, వాటిలో ఏముందో అమ్మేవాడికే తెలియదు.

ఇందూరోడు
అన్నా, మాది నిజామాబాద్ దిక్కు. మా తాన సీసా మందు కంటే కల్లు లొల్లి ఎక్కువ. కల్లు అంటే చెట్టు కల్లు అనుకునేరు, అది కాదు, మత్తు మందు కలిపిన కల్లు. అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతరు. 2015ల దాడులు చేసి దుకాణాలు బంద్ పెట్టిస్తే, కల్లు దొరకక చేతులు వంకర్లు పోయి, ఏందేందో మాట్లాడుకుంట మందికి మంది సర్కారు దవాఖానకు వచ్చిండ్రు. ఎర్రగడ్డకు గూడ పంపిండ్రు. నేను మా చిన్నాయినను తోల్కపోయిన.

ఇప్పుడు అడిగేది నా కోసం. కల్లు తాగేటోడు ఏఏకు పోవచ్చా, లేక విస్కీ తాగేటోళ్లకేనా? మా దగ్గర "నేను కల్లే తాగుత, మందు ముట్ట" అని కాలరెగరేస్తరు.

బోయిన్‌పల్లి_బాబాయ్
ఏం తాగావని ఎవరూ అడగరు తమ్మీ. బీరు, కల్లు, సారా, పదివేల స్కాచ్, అన్నీ ఒకే బెంచీ. మా గ్రూపులో రిటైరైన ఆఫీసరు, ఆయన కారు కడిగే అబ్బాయి ఇద్దరూ వస్తారు. ఆ అబ్బాయే సీనియరు.

డ్యూటీలో_డాక్టరు
ఇందూరు సోదరా, వెళ్లే ముందు డాక్టరుని కలవండి. కల్తీ కల్లులో ఉన్నది నిద్ర మాత్రల జాతి మందు. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వస్తాయి. లెక్క ప్రకారం మెల్లగా తగ్గించాలి. దాచకుండా "కల్లు, రోజుకి ఇన్ని సీసాలు" అని చెప్పండి, లేకపోతే మేము మందు తక్కువ వేస్తాం.

డాలస్_బావ
నేను టెక్సస్‌లో. మనవాళ్లు ఇక్కడ మీటింగులకి ఎలా వస్తారో చెప్తా వినండి. డీయూఐలో, అంటే తాగి బండి నడుపుతూ, దొరికాక వస్తారు. జడ్జి "వారానికి ఇన్ని మీటింగులు" అంటాడు, చేతికి కార్డు ఇస్తారు, అయిపోయాక సెక్రటరీ సంతకం పెడతాడు. సంతకం పెట్టాలన్న రూలేం లేదు, గ్రూపు ఇష్టం. దానికి తోడు 2015 నుంచి ఇంకో తిరకాసు, డీయూఐ అరెస్టు అయితే చాలు, కేసు తేలకముందే వీసా రద్దు చేసే అధికారం అమెరికా విదేశాంగ శాఖ వాడుతోంది. ఇండియా వచ్చారంటే మళ్లీ స్టాంపింగ్ దగ్గర కూర్చోవాలి. కాబట్టి భయంతో వస్తారు, కార్డు నిండగానే మాయం. కొందరు మాత్రం కార్డు అయిపోయాకా వస్తూనే ఉన్నారు. నేను ఆ కొందరిలో వాణ్ణి.

ఇక్కడ మీటింగ్ గైడ్ అని ఏఏ వాళ్ల యాప్ ఉంది, దగ్గర్లో ఏ టైముకి ఏముందో చూపిస్తుంది. తెల్లారుజామునా, మధ్యాహ్నమూ కూడా ఉంటాయి. ఓపెన్ అని ఉంటే ఎవరైనా రావచ్చు, భార్యనీ తెచ్చుకోవచ్చు. క్లోజ్డ్ అంటే తాగుడు సమస్య ఉన్నవాళ్లకే. కొన్ని చోట్ల చివర్లో క్రైస్తవ ప్రార్థన చెబుతారు, ఇష్టం లేకపోతే ఊరుకోవచ్చు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఇంగ్లీషులో "ఐ యామ్ యాన్ ఆల్కహాలిక్" అనడం నాకు తేలికైంది. కోవిడ్ నుంచి జూమ్ మీటింగులు నిలబడిపోయాయి కదా, ఇండియా గ్రూపులో కూర్చుని అదే సంగతి తెలుగులో చెప్పబోతే గొంతు పట్టేసింది. ఇంగ్లీషులో చెప్పినప్పుడు మా నాన్న వినట్లేదు, తెలుగులో వింటున్నట్టుంది.

అజ్ఞాత_సభ్యురాలు
ఆడవాళ్లు వస్తారా? భార్యలుగా కాదు, తాగేవాళ్లుగా. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం నాది. ఇంతకుమించి రాయలేను.

బోయిన్‌పల్లి_బాబాయ్
వస్తారమ్మా. తక్కువమంది, అది నిజం. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి "లేడీ మెంబర్‌తో మాట్లాడాలి" అని అడుగు, కలుపుతారు. స్పాన్సర్‌గా ఆడవాళ్లకి ఆడవాళ్లే ఉంటారు, మగవాళ్లకి మగవాళ్లే, అది గట్టిగా పాటించే పద్ధతి. మీటింగ్ అయ్యాక ఎవరైనా అన్నయ్య మరీ సాయం చేసేస్తుంటే వద్దని చెప్పు. మొహమాటం అక్కర్లేదు. గదిలోకి వచ్చినంత మాత్రాన అందరూ మునులైపోరు.

ఆడవాళ్ల ఆన్‌లైన్ మీటింగులు వేరుగా ఉన్నాయి, కెమెరా ఆపుకుని కూర్చోవచ్చు. 1939లోనే న్యూయార్క్‌లో మార్టీ మన్ అనే ఆవిడ ఏఏలోకి వచ్చింది. ఆడది తాగుబోతు కావడమేంటని మొదటి సభ్యులే నమ్మలేని రోజులవి. తర్వాత తాగుడు జబ్బేనని దేశమంతా తిరిగి చెప్పింది ఆవిడే.

వేదిక_నిర్వాహకుడు
ఒక వ్యాఖ్య తొలగించాం. "గ్యారంటీగా మాన్పిస్తాం, రాత్రికి రాత్రే వచ్చి తీసుకెళ్తాం" అంటూ ఫోన్ నంబరు ఇచ్చారు. తాగుడుకి చేర్చుకుని చికిత్స చేసే కేంద్రాలు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద నమోదై ఉండాలి. చేర్చే ముందు ఆ పత్రం అడగండి. ఏఏ ఎవరినీ ఎత్తుకెళ్లదు, ఫీజు తీసుకోదు. సభ్యుల సొంత నంబర్లు కూడా ఇక్కడ పెట్టొద్దు.

కృష్ణలంక_కుర్రోడు
వెళ్లొచ్చానండీ. బాబాయ్ చెప్పినట్టు ముందు ఫోన్ చేయడం మంచిదైంది, వెబ్‌సైట్‌లో ఉన్న గది కాదు, వేరే చోటికి మారింది. ఒక పెద్దాయన గేటు బయట నిలబడి ఉన్నాడు. షాపు పేరు అడుగుతాడేమోనని బిగుసుకుపోయాను. "టీ తాగుతావా" అని మాత్రం అడిగాడు.

పదిమంది దాకా ఉన్నారు. ముందు ఏదో చదివారు, తర్వాత ఒక్కొక్కరూ మాట్లాడారు. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో ఎవరూ అందుకోరు, సలహా ఇవ్వరు. అది నాకు వింతగా ఉంది, మన ఇళ్లలో ఎవడు నోరు తెరిచినా ముగ్గురు అడ్డం పడతారు కదా. బాత్రూం ట్యాంకులో క్వార్టర్ బాటిల్ దాచిన సంగతి ఒకాయన చెబితే అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నేను దాచింది బియ్యం డబ్బాలో.

నచ్చనిదీ చెప్తాను. ఒకాయన తన కథ ఎంతసేపు చెప్పాడో! తన గొప్పలు, తన బాస్, తన ప్రమోషను. లేచి వచ్చేద్దామనిపించింది. ఇంకోటి, వెళ్లగానే వాట్సాప్ గ్రూపులో కలుపుతామన్నారు. ఫొటో, పేరు కనిపిస్తాయి కదా అని వద్దన్నాను. తప్పేమీ కాదు కదా?

బోయిన్‌పల్లి_బాబాయ్
తప్పే లేదు. అనానిమస్ అని పేరు పెట్టుకుని అడగకుండా నంబరు కలిపితే అది వాళ్ల తప్పు. ఇద్దరు ముగ్గురి నంబర్లు మాత్రం తీసుకో. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింటిలో ఏది పట్టుకున్నా వైన్స్ వైపు కాలు తిరుగుతుంది. అప్పుడు ఫోన్ చెయ్. నువ్వు చేస్తే వాళ్లకీ లాభమే, ఆ పది నిమిషాలు వాళ్లూ తాగకుండా ఉంటారు.

సుత్తి కొట్టేవాళ్లు ప్రతి గ్రూపులోనూ ఒకరుంటారు. మా గ్రూపులో అది నేనే అంటారు. వారంలో వేరే రోజు ఇంకో గ్రూపు ఉంటే అదీ చూడు. తొంభై రోజుల్లో తొంభై మీటింగులు అని అమెరికా లెక్క ఒకటి చెబుతారు, మన ఊళ్లలో అన్ని మీటింగులు ఎక్కడున్నాయి? దొరికినన్ని వెళ్లు, మిగతావి ఆన్‌లైన్‌లో కూర్చో.

నమ్మకంలేనోడు
బియ్యం డబ్బా మాట చదివాక రాయకుండా ఉండలేకపోతున్నాను. నాది ఇన్వర్టర్ వెనకాల. ఆ కామ్రేడ్ గారు వచ్చే మీటింగ్ ఏ రోజు, బాబాయ్?

బోయిన్‌పల్లి_బాబాయ్
ఆయన వివరం ఇక్కడ రాయకూడదయ్యా. సికింద్రాబాద్ వైపు అయితే హెల్ప్‌లైన్‌లో అడుగు, బోయిన్‌పల్లి బాబాయ్ అని చెప్పు, నవ్వుతారు గానీ చెబుతారు.

ఇందూరోడు
డాక్టరు దగ్గరికి పోయిన, మందులు రాసిండు, మెల్లగ తగ్గిస్తున్నం. అన్నా, మా మండలంల మీటింగ్ లేదు. పట్నం రావాలంటే కూలి పోతది. మేమే పెట్టుకోవచ్చా? నేను, మా చిన్నాయిన, ఇంకొకడు ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గర కలిసిండు. ముగ్గురం.

బోయిన్‌పల్లి_బాబాయ్
ముగ్గురా! మొదట్లో ఇద్దరే. 1935లో అమెరికాలో యాక్రన్ అనే ఊళ్లో షేర్ల బ్రోకరు బిల్, సర్జన్ బాబ్. ఆ డాక్టరు గారి చివరి గుక్క జూన్ 10న, దాన్నే ఏఏ పుట్టినరోజుగా లెక్కేస్తారు. ఇండియాకి 1957లో వచ్చింది. తాగకుండా ఉండడం కోసం ఇద్దరు ముగ్గురు కూర్చుంటే అదే గ్రూపు, ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. గ్రూపులన్నీ కలిసి నడిపే ఆఫీసు, హైదరాబాద్ ఇంటర్‌గ్రూపుకి ఒక్క ఫోన్ కొట్టు, తెలుగు పుస్తకాలు పంపిస్తారు, మొదటి కొన్ని వారాలు పాతవాళ్లు వచ్చి కూర్చుంటారు. రోజు, టైము ఒకటి పెట్టుకుని అది మార్చకండి. ఎవరూ రాకపోయినా తాళం తీసి కూర్చోవాలి.

ఇందూరోడు
స్కూల్ హెచ్ఎం సార్‌ను అడిగిన. ఆయితారం పొద్దుగూకంగ ఒక క్లాస్ రూం ఇస్తనన్నడు. కిరాయి గిట్ల వద్దు, మంచి పని చేస్తున్రు అన్నడు.

బోయిన్‌పల్లి_బాబాయ్
దండం పెట్టి, ఎంతో కొంత కిరాయి ఇచ్చే తీరాలని చెప్పు. యాభై రూపాయలైనా సరే, రాసుకుని ఇవ్వండి. అది మన నియమం, ఊరికే ఇచ్చిన గది మీద తర్వాత అందరికీ హక్కులొస్తాయి. పుస్తకాలు నేను వచ్చేటప్పుడు తెస్తా. బస్టాండ్ నుంచి ఎటు రావాలో మెసేజ్ పెట్టు.